మా అత్తను పెద్దమ్మా అని పిలిచినవాడు

ఈ మధ్య సాయంత్రాలు మా మనవరాలు టీవీలో ఒక సీరియల్ చూస్తోంది. అందులో అమ్మాయి పూలకొట్టు నడుపుతుంది, అబ్బాయి పందెపు గుర్రాలు తోలుతాడు. తగువులాడుకుంటారు, నవ్వుకుంటారు, మళ్ళీ తగువులాడుకుంటారు. నేనూ పక్కన కూర్చుని చూస్తాను, నవ్వుతాను. ఆ పిల్ల బుట్టలో పూలు పొద్దున ఎట్లా ఉన్నాయో పొద్దుగూకేటప్పుడూ అట్లాగే ఉంటాయి. ఆ గుర్రం ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా లద్దె వేయలేదు. మొన్న మనవరాలు ఉండబట్టలేక అడిగింది, నవ్వు రాని చోట కూడా ఎందుకు నవ్వుతావవ్వా అని. మీ తాత జట్కా గుర్రం తోలేవాడు, నేను పూలు కట్టేదాన్ని అన్నాను. పిల్ల టీవీ కట్టేసి నా వైపు తిరిగి కూర్చుంది. ఆ పూట దానికి చెప్పింది కొంత, చెప్పలేకపోయింది కొంత. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది కర్నూలుకు మూడు మైళ్ళ దూరంలో, హంద్రి ఒడ్డున ఒక పల్లె. ఎకరన్నర తోట. చుట్టూ ఎర్రనేల, గులకరాళ్ళు, కొర్ర చేలు. మా కపిల బావి నీళ్ళు పారినంత మేర మాత్రం పచ్చన. రెండెద్దులు ముందుకూ వెనక్కూ నడుస్తూ తోలుసంచితో నీళ్ళు తోడుతుంటే, ఆ నీళ్ళతో మా నాయన కనకాంబరాలు, మల్లెలు, చామంతులు, గట్ల వెంట మరువం పెంచేవాడు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మా మేనత్త, నాయనకు చెల్లెలు.

అత్తకు పంతొమ్మిదేళ్ళకే భర్త పోయాడు. తిరునాళ్ళలో ఎద్దులబండి పందెం తోలుతుంటే మలుపు దగ్గర ఎద్దులు బెదిరి బండి తిరగబడింది. పిల్లలు లేరు. కట్టుబట్టలతో పుట్టింటికి వచ్చేసింది. మా తోటలో పూసిన ప్రతి పువ్వూ ఆమె చేతుల మీదుగా అంగడికి పోయేది. ఒక్కటీ ఆమె తలలోకి పోయేది కాదు. ఆ రోజుల్లో అది ఎవరూ ఇదేమిటని అడిగే సంగతి కాదు, నేనూ అడగలేదు. మనిషి మాట కరుకు. పూలు కట్టేటప్పుడు వేళ్ళూ నోరూ ఒకే వేగంతో ఆడేవి. ఆమెకొక పట్టింపు ఉండేది: కింద పడ్డ పువ్వును తొక్కకూడదు, దాటకూడదు, ఎంత పనిలో ఉన్నా వంగి తీసుకోవాలి. నాయనకు కూడా ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో పందెం అన్న మాట వినపడకూడదు. కోడిపందెమైనా సరే, ఎద్దుల పందెమైనా సరే.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఊరి బయట గుడారాలు లేచాయి, ఆ గుడారాల్లో సర్కారు కచేరీలు నడిచాయి. యాడెక్కడి నుంచో ఉద్యోగస్థులు పెళ్ళాంపిల్లలతో వచ్చి దొరికిన ఇంట్లో దిగారు. ఎండకు వాళ్ళు అల్లాడిపోతుంటే మాకు నవ్వొచ్చేది. కాని వాళ్ళ వల్ల మా పూలకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. రోజూ ఏదో ఒక సభ, సభకు పది దండలు. ఆ ఆడవాళ్ళకు జడనిండా పూలుండాలి. అంతకుముందు నాయన ఒక గంప తలకెత్తుకుని నడిచి పోయేవాడు. ఇప్పుడు నాలుగు గంపలు. అందుకని ఒక ముసలి సాయబు జట్కా మాట్లాడుకున్నాడు.

కొన్నాళ్ళకు సాయబుకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. తెల్లవారుజామున లేచి మా పల్లె దాకా రాలేనని, తన బదులు ఒకతన్ని పంపాడు. డోన్ మనిషి, ఇరవై నాలుగిరవై అయిదేళ్ళుంటాయి. డోన్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్ళను ఎక్కించుకుంటూ ఉన్నవాడు, రాజధానిలో బేరాలు బాగుంటాయని వచ్చి సాయబు గుర్రాలసాల పక్కన ఒక గదిలో దిగాడు. గుర్రం పనిలో మెలకువలన్నీ ఇక్కడికి వచ్చాక సాయబు దగ్గరే నేర్చుకున్నాడట. అతనిది జేగురు రంగు ఆడగుర్రం, మొహాన తెల్లని మచ్చ.

మొదటిరోజు వచ్చి గంపలన్నీ జట్కా దగ్గరకు చేర్చి, బావి దగ్గర నీళ్ళు తాగడానికి పోయాడు. ఆ రెండు నిమిషాల్లో గుర్రం మెడ తిప్పి చామంతుల గంపలో మూతి పెట్టింది. మేము చూసేసరికి సగం గంప అయిపోయింది. ఆ పూలు ఎవరో పెద్ద ఉద్యోగి ఇంట్లో శుభకార్యానికి చెప్పినవి. అత్త అరిచిన అరుపుకు బావి మీది పావురాలు లేచిపోయాయి. అతను పరుగెత్తుకుంటూ వచ్చి గుర్రం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుర్రం మాత్రం నింపాదిగా నములుతోంది. మూతి పక్కన ఒక పసుపుపచ్చ రేక అంటుకుని, నమిలినప్పుడల్లా ఊగుతోంది. నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను కాని అతను చూడనే చూశాడు.

గుర్రం తప్పు కాదని, కళ్ళకు గంతలు కట్టకుండా పోవడం తనదే తప్పని అతను నాయనతో చెప్పాడు. వారం రోజులు చీకటితో వచ్చి పూలు కోసి పెడతానన్నాడు. తప్పును గుర్రం మీదికి నెట్టనందుకు నాయనకు అతను నచ్చాడనుకుంటాను, సరేనన్నాడు.

ఆ వారం కాస్తా మూడు వారాలైంది, ఎవరూ లెక్కపెట్టలేదు. కోయడం అయ్యాక అత్త అతన్ని కూర్చోబెట్టి కట్టడం నేర్పింది. పగ్గాలు పట్టి కాయలు కాచిన వేళ్ళకు అరటినార పట్టు చిక్కేది కాదు. ముడి బిగిస్తే కనకాంబరం కాడ తెగేది, వదిలేస్తే పువ్వు జారేది. అత్త తిట్టేది, అతను తలొంచుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. నాలుగోరోజుకు ఒక మూరెడు మాల తయారైంది. వంకర్లు పోయి, ఒకచోట గుత్తిగా, ఒకచోట బోసిగా ఉంది. దీన్నెవరు పెట్టుకుంటారని అడిగాడు. నీ గుర్రానికే పెట్టుకో అంది అత్త. అతను నిజంగానే తీసుకుపోయి గుర్రం చెవుల మధ్య తలకట్టుకు చుట్టాడు. మరుసటి రోజు నుంచి మాల పెట్టందే ఆ గుర్రం మా తోట గేటు దాటలేదు. గేటు దగ్గరికి వచ్చి తల వంచి నిలబడేది. చివరికి దానికొక మూరెడు కట్టడం నా పనైపోయింది.

మొదట్లో అతను మా అత్తను నాలాగే అత్తా అనేవాడు. వయసులో పెద్దవాళ్ళను ఏదో ఒక వరుస పెట్టి పిలవాలి కదా. అత్త మూడురోజుల్లో అతని ఊరు, ఇంటిపేరు, తల్లి పుట్టినిల్లు అన్నీ ఆరా తీసింది. మా కులమే, ఎక్కడో దూరపు చుట్టరికం కూడా తగులుతుందని తేలింది. ఆ మర్నాడు అతను అత్తా అనగానే ఆమె చేతిలోని నార కింద పెట్టింది.

“అత్తా గిత్తా అనొద్దు నన్ను. పెద్దమ్మా అను.”

“ఎందుకట్లా?”

“చెప్పింది చెయ్యప్పా. పెద్దమ్మా అంటే నీ దుడ్లేమన్నా పోతాయా?”

అతను సరే పెద్దమ్మా అన్నాడు. నాకూ అర్థం కాలేదు. నాలుగురోజుల తర్వాత గట్టు మీద మరువం కోస్తుంటే తట్టింది. ఆమెను నేనూ అత్తా అని, అతనూ అత్తా అంటే మేమిద్దరం అన్నాచెల్లెళ్ళ వరుస అవుతాం. అతను పెద్దమ్మా అంటే మా నాయన అతనికి మేనమామ అవుతాడు. నేను మరదల్నవుతాను. కొడవలి అక్కడే పడేసి గట్టు మీద కూలబడ్డాను. ఆ పొద్దంతా అతని వైపు చూడలేకపోయాను. అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు కనకాంబరాలు కట్టుకుంటూ కూర్చుంది.

మాటలంటారా, మా మధ్య పెద్దగా లేవు. జట్కాలో నాయన ముందు కూర్చునేవాడు, నేను వెనక గంపలతో. రెండు చక్రాల బండి కదా, ముందు బరువెక్కువైతే గుర్రం మెడ మీద పడుతుంది, వెనక బరువెక్కువైతే గుర్రానికి రెండు పక్కలా ఉండే నొగలు పైకి లేస్తాయి. అందుకని ఎక్కగానే అతను వెనక్కి తిరగకుండానే, “ఎనక బరువు సరిపోయిందా?” అని అడిగేవాడు. సరిపోయిందనేదాన్ని. ఎన్నో రోజులు అంతే మా మాటలు. అయినా ఆ ఒక్క మాట కోసం నేను తెల్లవారకముందే తల దువ్వుకుని సిద్ధమయ్యేదాన్ని.

ఒకరోజు నాయనకు జ్వరం తగిలింది. నాయన బదులు అత్త వచ్చింది. ముందు కూర్చుని, జట్కా పల్లె దాటీ దాటకముందే కళ్ళు మూసుకుంది. ఆమె పగటిపూట నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి అతను గొంతు తగ్గించి, నీకు ఏ పువ్వంటే ఇష్టమని అడిగాడు. అమ్ముడుపోయే పువ్వు అన్నాను. అతను పెద్దగా నవ్వాడు. పగ్గాలు వదులైపోయి గుర్రం నడిరోడ్డు మీద నిలబడిపోయింది. కళ్ళు మూసుకున్న అత్త పెదవులు కూడా కదిలాయి.

ఆ ఏడు శివరాత్రి దాటాక తిరునాళ్ళకు జట్కాల పందెం పెడుతున్నారని ఊళ్ళో చాటించారు. గెలిచినవాడికి ఒక జత ఇత్తడి దీపాలు, పెద్దమనిషి చేతి మీదుగా పూలదండ. ఆ దండ చేసే పని మా నాయనకే చెప్పారు. పందెం మాట గిట్టకపోయినా దండ కట్టడం మన పని, ఎవరి మెడలో పడితే మనకేమని ఒప్పుకున్నాడు. అంగడిలో సాయబు కనబడి సంతోషంగా ఇంకో మాట కూడా చెప్పాడు. మోకాళ్ళు పూర్తిగా పోకముందు తానూ ఆఖరుసారి తోలుతున్నానని, తన శిష్యుడి పేరు కూడా పక్కనే రాయించానని.

మరుసటి రోజు ఖాళీ గంపలు ఇంటి దగ్గర దించాక నాయన అతన్ని పక్కకు పిలిచాడు. నేను తలుపు చాటున ఉన్నాను. రేపటి నుంచి వేరే జట్కా చూసుకుంటామని చెప్పాడు. ఎందుకు మామా అని అడిగాడతను.

“పరుగు తోలేవానికి ఆపేది తెల్దప్పా. ముందర గెలుపొకటే కనపడతాది. నా చెల్లెలు పంతొమ్మిదేండ్ల వయసు నుంచి బోసి మెడతో ఉండాది. నా కండ్ల ముందరే ఉండాది. ఇంగ నేను చెప్పేదేముండాది?”

అతను వాదించలేదు. సాయబుకు మాట ఇచ్చేశానని, పందెం అయిపోయాక వచ్చి కనబడతానని మాత్రం అన్నాడు. గుర్రం గేటు దగ్గర మాల కోసం తల వంచుకుని నిలబడింది. నేను కట్టి ఉంచిన మూరెడు నా చేతిలోనే ఉంది. అత్త వచ్చి నా చేతిలోంచి తీసుకుని పోయి కట్టివచ్చింది.

తర్వాత పది రోజులు ఇంకో జట్కా వచ్చింది. ఆ గుర్రం బాగానే నడిచేది. ఆ జట్కావాడు మంచివాడే. అత్తకు మాత్రం ఏదీ నచ్చలేదు. పూలు పక్కనుంటే తినాలన్న బుద్ధి కూడా లేని గుర్రం, అదీ ఒక గుర్రమేనా అని సణిగేది. నాయన విననట్టు ఉండేవాడు.

పందెం రోజున మధ్యాహ్నం నుంచే జనం. రాళ్ళ మట్టిరోడ్డు ఒక పాత మంటపం దగ్గర మలుపు తిరిగి, అక్కడి నుంచి తిన్నగా తిరునాళ్ళ మైదానానికి పోతుంది. ఆ మలుపులో చింతచెట్టు నీడ ఉందని మేము పూలగంపలు అక్కడ దించుకున్నాం. గెలుపు దండ తడిగుడ్డ చుట్టి వేరే గంపలో పెట్టాం. రెండు రోజులు కూర్చుని కట్టానా దండను: తెల్ల చామంతులు, మధ్యమధ్య కనకాంబరాల వలయాలు, కింద మరువం కుచ్చు. ఎవరి మెడలో పడుతుందో తెలియని దండను అంత శ్రద్ధగా ఎందుకు కడుతున్నావని ఎవరూ నన్నడగలేదు. నాయన రోడ్డుకు వీపు పెట్టి, పూల మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాడు.

ఏడు జట్కాలు. మొదట దుమ్ము కనబడింది, తర్వాత జనం కేకలు వినబడ్డాయి, తర్వాత డెక్కల చప్పుడు. అందరికంటే ముందు జేగురు గుర్రం వస్తోంది. అతను చర్నాకోల పట్టుకోలేదు, ఉత్త పగ్గాలే. దాని వెనక పది బారల దూరంలో సాయబు, ఆ వెనక మిగిలినవాళ్ళు.

సరిగ్గా అప్పుడే సుడిగాలి లేచింది. మా వైపు ఆ నెలల్లో అది మామూలే. దుమ్మూ ఎండుటాకులూ పైకెత్తుకుని వచ్చి ఒక గంపను పల్టీ కొట్టించింది. చామంతి మాలలు దొర్లుకుంటూ పోయి నడిరోడ్డు మీద పడ్డాయి. నేను గెలుపు దండ ఉన్న గంపను పట్టుకుని ఉన్నాను. అత్త లేచింది. నేను అత్తా అన్నాను, విన్నదో లేదో. కింద పూలు పడి ఉన్నాయి, గుర్రాలు వాటిని తొక్కబోతున్నాయి, ఆమెకు అదొక్కటే కనబడినట్టుంది. రోడ్డు మధ్యకు పోయి వంగి మాలలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

అతను మలుపు తిరిగాడు. ఆమెను చూశాడు. జట్కాలో నిలబడి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, రెండు పగ్గాలూ రొమ్ముకు లాగాడు. గుర్రం వెనక కాళ్ళ మీద దాదాపు కూర్చున్నంత పనిచేసింది. గులకరాళ్ళు మా గంపల మీద పడ్డాయి. ఒక చక్రం రోడ్డు దిగి కాలవలో ఒరిగింది. దుమ్ము తేరిపోయాక చూస్తే అత్తకూ గుర్రానికీ మధ్య నాలుగడుగుల దూరం ఉంది. వెనక వచ్చే సాయబు జట్కా అవతలి పక్కగా తప్పుకుని పోయింది. దాని వెంటే మిగిలినవీ పోయాయి.

అత్త రెండు చేతుల్లో చామంతి మాలలతో నిటారుగా నిలబడింది. గుర్రాన్ని చూసింది, అతన్ని చూసింది. అప్పుడు ఆమె నోట వచ్చింది తిట్టు.

“ఎందుకాపినావురా? ముందర నువ్వే కదా వస్తాండావు! పక్కనుంచి తోలుకోని పోరాదా?”

“తిప్పేంత దూరం లేదు పెద్దమ్మా,” అన్నాడతను.

ఆమె ఇంకేదో తిట్టబోయి ఆగిపోయింది. రోడ్డు పక్కన కూర్చుని, మాలలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను పుట్టి పెరిగి ఆమె కన్నీళ్ళు చూడటం అదే మొదటిసారి. నాయన రోడ్డు వైపు తిరిగి ఉన్నాడు. ఎప్పుడు తిరిగాడో నాకు తెలియదు. నాయన చేతిలోని చెంబు ఒరిగి నీళ్ళన్నీ కాళ్ళ మీద కారిపోతున్నా తెలుసుకోలేదు.

అతను చక్రం కాలవలోంచి పైకి లాగి, గుర్రం కాళ్ళు తడిమి చూసి, ఇక పరుగు తీయించకుండా నడిపించుకుంటూ మైదానానికి పోయాడు. అందరికంటే చివర. జనం నవ్వారట. మొదట వచ్చింది సాయబు. నేను రెండు రోజులు కట్టిన దండ, పెద్దమనిషి చేతి మీదుగా, తమలపాకు రసంతో ఎర్రబడ్డ గడ్డమున్న అరవయ్యేళ్ళ సాయబు మెడలో పడింది. ఆ మాట మనవరాలికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

పొద్దు వాలుతుండగా సాయబు ఆ దండతోనే కుంటుకుంటూ మా గంపల దగ్గరికి వచ్చాడు. అతను గుర్రాన్ని పట్టుకుని కాస్త దూరంగా నిలబడ్డాడు. సాయబు నాయన పక్కన కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు. గెలుపు నిజానికి ఎవరిదో తనకూ తెలుసన్నాడు. గుర్రాన్ని పరుగెత్తించడం ఎవరికైనా నేర్పవచ్చునని, అంత పరుగులో ఆపడం మాత్రం తాను నేర్పలేదని, అది పిల్లవాడి గుణమని చెప్పాడు. ఆపైన దండ తడుముకుంటూ అన్నాడు:

“ఈ మాల మాత్రం నేను ఇయ్యనప్పా. నలభై ఏండ్లకు దొరికింది నాకు. పిల్లోనికి నువ్వే ఇంకొకటి కట్టించు. ఒకటి గాదు, జత కట్టించు.”

జత దండలు ఎప్పుడు కడతారో అందరికీ తెలుసు. నేను గంప వైపు తిరిగిపోయాను. నాయన అత్త వైపు చూసి, నువ్వేమంటావమ్మా అని అడిగాడు.

“నన్నెందుకు అడుగుతావు? వాడు నన్ను పెద్దమ్మా అంటాండాడు. అంటే నాకు కొడుకు. నా కొడుకు నీ కూతుర్ని అడిగితే నువ్వు ఇయ్యనంటావా?”

అత్త పూలు సర్దుకుంటూనే అంది ఆ మాట. ఆమెకు కొడుకే ఉంటే నేను ఆ ఇంటి కోడల్ని అయ్యేదాన్ని. మేనరికం మాలో మామూలే. ఆ లేని కొడుకు హక్కును ఆమె ఒక జట్కావాడికి ధారపోసింది. నాయన కళ్ళు తుడుచుకుని, రేపు పొద్దున గంపలకు రా అని అతనితో చెప్పాడు. అంతే మా నిశ్చయ తాంబూలాలు.

ఇంతమంది ఇన్ని మాట్లాడారు కాని నన్నెవరూ అడగలేదు. ఆ కాలంలో అడిగేవాళ్ళు కాదు. మర్నాడు తోటలో గంపలెత్తుతూ అతనొక్కడే అడిగాడు.

“నీకు ఇష్టమేనా? కాకుంటే చెప్పు. నేనే ఏదో ఒకటి చెప్పి తప్పుకుంటా. నిన్నెవరూ ఏమనరు.”

గంప జట్కాలోకి జరుపుతూ, ఎనక బరువు సరిపోయిందిలే అన్నాను. అర్థం కావడానికి అతనికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక వెళ్ళి గుర్రం మెడలో మొహం దాచుకున్నాడు. పెళ్ళైన తర్వాత యాభై ఏళ్ళు కాపురం చేశాను. మంచి మాటలు చాలానే చెప్పాడు. కాని వద్దంటే తప్పుకుంటానని ఒక ఆడపిల్లతో అన్న ఆ మాట తలచుకున్నప్పుడు, దేవుడు నాకు తక్కువేమీ చేయలేదనిపిస్తుంది.

వైశాఖంలో పెళ్ళి. సాయబు తన ఇత్తడి దీపాలు తెచ్చి మా జట్కాకు బిగించాడు. తర్వాత ఏడాదికే రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకేశారు, ఉద్యోగస్థులు పెట్టెబేడా సర్దుకున్నారు. పూలకూ జట్కాలకూ ఒకేసారి గిరాకీ పడిపోయింది. మేము డోన్‌కు, మా అత్తగారింటికి చేరుకున్నాం. ఆయన స్టేషన్ బేరాలకు పోయేవాడు, నేను రైలు ఆగిన పావుగంటలో కిటికీల దగ్గర పూలు అమ్మేదాన్ని. మా నాయన తోట నుంచి తడిగోనెలో చుట్టిన మొగ్గలు రోజూ పొద్దున బండికి వచ్చేవి. నాయన ఒక్కరోజూ మానలేదు. చాలా ఏళ్ళ తర్వాత కడపలో సొంతంగా కొట్టు పెట్టుకున్నాం గాని, అది వేరే కథ.

డోన్‌లో మా ఇంటికి మట్టినేల. వేసవిలో పొద్దెక్కితే లోపల కూర్చోలేకపోయేవాళ్ళం. రెండో ఏడు ఆయన బేతంచెర్ల నాపరాళ్ళు తెప్పించాడు. గూడ్సులో వచ్చిన బండలను స్టేషన్ నుంచి జట్కాలో నాలుగేసి చొప్పున తెచ్చాడు. గుర్రానికి బరువెక్కువ కాకూడదని తాను పక్కన నడిచేవాడు. పరిచిన వారానికి మా అత్త మమ్మల్ని చూసిపోదామని వచ్చింది, నాలుగు రోజులుండి పోతానని. వచ్చిన మధ్యాహ్నమే అన్నం తిని, కడిగిన బండ మీద కొంగు పరుచుకుని పడుకుంది. ఒళ్ళు చల్లబడిందనీ, ఇన్నేళ్ళలో ఇంత చల్లగా పడుకోలేదనీ అంది. నాలుగో రోజు వచ్చింది, పోయింది. అత్త కదల్లేదు. ఆయన కూడా బండికి వేళవుతోందని ఎన్నడూ గుర్తు చేయలేదు. అట్లా పదకొండేళ్ళు ఉంది మాతో. నా ఇద్దరు పిల్లలకూ నీళ్ళు పోసింది ఆమే, పూలు కట్టడం నేర్పిందీ ఆమే. ఆయన తల్లితో, అంటే మా అత్తగారితో, ఆమెకు రోజూ తగువే, రోజూ ఒకే కంచం ముందు కూర్చునేవాళ్ళు.

ఆ మొదటి మధ్యాహ్నం మూడు గంటల బండికి ఆయన జట్కా కట్టాలి. తలుపు దగ్గర నుంచి తొంగిచూశాడు. అత్త చెంప బండకు ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. డెక్కల చప్పుడుకు లేస్తుందేమోనని, ఆయన గుర్రాన్ని వాకిట్లో జట్కాకు కట్టకుండా కళ్ళెం పట్టుకుని మెల్లగా వీధి చివరి వరకు నడిపించుకుపోయాడు. నేను జట్కా నొగలు పట్టుకుని, ఆ వెనకే లాక్కుంటూ పోయాను.